రస్ట్‌లో రెండు సార్టెడ్ లింక్డ్ లిస్టులు కలపడం: కిటుకంతా టేక్‌లోనే

హాయ్ అండీ. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మన దగ్గర రెండు లింక్డ్ లిస్టులున్నాయి. అంటే ప్రతి నోడ్‌లో ఒక విలువ, 'నెక్స్ట్' అనే ఫీల్డ్‌లో తర్వాతి నోడ్ ఉంటాయి. 'ఎ'లో 1, 4, 9. 'బి'లో 2, 4. రెండూ సార్ట్ అయ్యే ఉన్నాయి. కొత్త నోడ్లు తయారు చెయ్యకుండా, ఉన్నవాటినే అతికించి ఒకే లిస్టు చెయ్యాలి.

లాజిక్ మీకు తెలిసిందే. రెండిటి మొదటి నోడ్లూ పోల్చడం, చిన్నది తీసుకోవడం, ముందుకెళ్లడం. సీ భాషలో అయితే పాయింటర్లు మార్చేసి వెళ్లిపోతాం. రస్ట్‌లో ప్రతి నోడ్‌కీ ఓనర్ ఒక్కరే. ఆ ఓనర్ మారే చోటే కంపైలర్ పట్టుకుంటుంది.

స్క్రీన్ మీద చూడండి. కలిపిన లిస్టు మొదలయ్యే హెడ్‌లో ప్రస్తుతానికి నన్ ఉంది, అంటే ఏమీ లేదు. టెయిల్ ఆ హెడ్‌కి మ్యూటబుల్ రిఫరెన్స్, అంటే దాని ద్వారా హెడ్‌ని మార్చొచ్చు. గమనించారా, టెయిల్ చివరి నోడ్‌ని చూపించట్లేదు, తర్వాతి నోడ్ వచ్చి కూర్చోవాల్సిన ఖాళీని చూపిస్తోంది. అందుకే మొదట్లో ఊరికే పెట్టే డమ్మీ నోడ్‌తో పనే లేదు.

ఇక వైల్ లెట్ లూప్. రెండిట్లోనూ నోడ్ ఉన్నంతసేపే తిరుగుతుంది. 'ఎ' విలువ చిన్నదైనా, సమానమైనా 'ఎ' నుంచే తీసుకుంటాం. ఆ 'సమానం' వదిలెయ్యకండి. అది లేకపోతే రెండు 4లలో 'బి'ది ముందొచ్చేస్తుంది, స్టెబిలిటీ, అంటే సమాన విలువల అసలు వరుస, పోతుంది.

ఎంచుకున్న లిస్టు మీద టేక్ పిలిస్తే మొదటి నోడ్ మన చేతికొస్తుంది, అక్కడ నన్ మిగులుతుంది. ఆ నోడ్ వెనకున్న తోకని మళ్లీ లిస్టులో పెట్టాలి కదా. ఇక్కడ చాలామంది నోడ్ డాట్ నెక్స్ట్ అని రాసి ఊరుకుంటారు. కావాలనే అలా రాసి కంపైల్ చేస్తున్నాను... ఇదిగో, కంపైలర్ ఎర్రర్ 'E0382', అంటే తరలిపోయినదాన్ని మళ్లీ వాడారని. నెక్స్ట్ ఫీల్డ్ తరలిపోయింది కాబట్టి ఆ నోడ్‌ని పూర్తిగా ఇంకెవరికీ ఇవ్వలేం. చివర ఇంకో టేక్ తగిలిస్తే నెక్స్ట్‌లో నన్ ఉంటుంది, నోడ్ నిక్షేపంగా ఉంటుంది. ఎర్రర్ పోయింది.

ఆ నోడ్‌ని టెయిల్ డాట్ ఇన్సర్ట్‌కి ఇచ్చి ఖాళీలో కూర్చోబెట్టి, టెయిల్‌ని దాని నెక్స్ట్‌కి జరపండి. లూప్ అయ్యాక మిగిలిన తోకని 'ఎ డాట్ ఆర్ బి' (ఎ ఉంటే ఎ, లేకపోతే బి) అని ఒక్క లైన్లో తగిలించెయ్యొచ్చు. నాకు ఈ లైనంటే భలే ఇష్టం.

రన్ చేస్తే 1, 2, 4, 4, 9.

రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా, ఇంకా పొట్టిగా రాయొచ్చు, ఇంటర్వ్యూలో ఫర్వాలేదు. లిస్టు లక్షల్లో ఉంటే మాత్రం ఫంక్షన్ పిలుపులకి వాడే మెమరీ (స్టాక్) నిండిపోయి స్టాక్ ఓవర్‌ఫ్లో అయ్యే భయం ఉంది. రస్ట్‌లో కొత్త థ్రెడ్‌కి మామూలుగా దొరికే స్టాక్ 2 ఎంబీయే. లూప్‌తో కలిపినా, అంత పొడవు లిస్టు డ్రాప్ అయ్యేటప్పుడు, అంటే దాని మెమరీ వదిలేటప్పుడు, నోడ్ ఉండే ఒక బాక్స్ లోపల ఇంకో బాక్స్‌గా రికర్సివ్‌గానే విడుదలవుతుంది. అప్పుడు డ్రాప్ కూడా మనమే లూప్‌లో రాసుకోవాలి. అక్కడా వాడేది ఇదే టేక్.