జర్మన్ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు

అందరికీ నమస్కారం. పిల్లల దగ్గరికో, చదువుకో, ఉద్యోగానికో జర్మనీ బయలుదేరుతున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. వీసా సంగతులు, ఇన్సూరెన్స్ సంగతులు చెప్పేవాళ్లు మీకు దొరుకుతారు. అక్కడి వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

మన ఇళ్లల్లో వడ్డించేవాళ్లు మూడుసార్లు అడుగుతారు. మనం రెండుసార్లు "వద్దండీ, చాలండీ" అంటాం. మూడోసారికి విస్తట్లో పడనే పడుతుంది. జర్మన్ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు. మీరు వద్దంటే గిన్నె పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. అతిథి అన్నమాటను అన్నట్టే తీసుకోవడం వాళ్ల మర్యాద. వద్దన్నాక మళ్లీ అడిగితే బలవంతపెట్టినట్టు ఉంటుందని సంకోచిస్తారు. మనవాళ్లు చాలామంది అక్కడ అర్ధాకలితో లేచేది ఈ మొహమాటం వల్లే.

ఇందులోనే ఇంకో చిక్కుంది. "డాంకె" అంటే థాంక్యూ అని అందరికీ తెలుసు. కానీ "ఇంకొంచెం వేయనా?" అని అడిగినప్పుడు ఉత్త "డాంకె" అంటే వద్దు అని అర్థం. కావాలంటే "యా, గెర్నె" అనాలి. అవును, సంతోషంగా అని. ఈ రెండు మాటలు నోటికి పట్టించుకోండి, అక్కడి భోజనం సగం వచ్చేసినట్టే.

రాత్రి భోజనానికి పిలిచారని వెళ్తే వేడి వంట ఏమీ కనపడకపోవచ్చు. దాన్ని ఆబెంట్‌బ్రోట్ అంటారు, సాయంత్రపు రొట్టె అని. సంప్రదాయంగా వేడి భోజనం మధ్యాహ్నమే. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య బల్ల మీద బుట్టలో కోసిన రొట్టె, వెన్న, మూడు నాలుగు రకాల చీజ్, మాంసపు ముక్కలు, వెనిగర్‌లో ఊరిన దోసకాయలు, టమాటా, ముల్లంగి పెడతారు. ఒక్కొక్కరి ముందు పళ్లానికి బదులు చిన్న చెక్కపలక ఉంటుంది. రొట్టె ముక్క పలక మీద పెట్టుకుని, వెన్న అంచుల దాకా పలచగా రాసి, పైన చీజ్ పరిచి తినాలి. పొయ్యి వెలిగించలేదని చిన్నబుచ్చుకోకండి. ఇంట్లోవాళ్లు రోజూ తినే బల్ల దగ్గర మీకు చోటిచ్చారు, దగ్గరివాళ్లనుకుంటేనే అలా పిలుస్తారు. రొట్టె సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2014లో జర్మన్ రొట్టెల సంస్కృతిని ఆ దేశపు అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. రై అనే ధాన్యపు పిండిని పులియబెట్టి చేసే నల్లరొట్టె మొదటి ముక్కకు పుల్లగా, బరువుగా అనిపిస్తుంది. పలచగా కోసి, వెన్నతో తింటే నాలుగో రోజుకి అలవాటవుతుంది.

ఏడింటికి రమ్మంటే ఏడింటికే వెళ్లండి. ఐదు పది నిమిషాలు ఆలస్యం పర్వాలేదు, ముందు వెళ్లడం ఇబ్బంది. పూలు తీసుకెళ్తే కాగితం విప్పి చేతికివ్వాలి. ఎర్ర గులాబీలు ప్రేమికుల మధ్య ఇచ్చేవి, తెల్ల లిల్లీలు చావుకు గుర్తు, రెండూ వద్దు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు కాఫీకి పిలిస్తే కేకు కూడా ఉంటుంది, కడుపు ఖాళీగా వెళ్లండి.

ఇక్కణ్నుంచి ఏం పట్టుకెళ్లొచ్చని చాలామంది అడుగుతారు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడులకు ఇబ్బంది లేదు. నెయ్యి, పన్నీరు, కోవా, ఏ రకమైన మాంసమూ యూరోపియన్ యూనియన్ బయటినుంచి సామానులో తీసుకురాకూడదు. పచ్చి కరివేపాకుకీ, మామిడిపళ్లకీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, లేకపోతే తీసి పారేస్తారు. కొబ్బరికాయకి, అరటిపండుకి మాత్రం అది అక్కర్లేదు.

ఇక హోటల్ భోజనం. చిన్న ఊళ్లలో వంటగదికి వేళలుంటాయి. మధ్యాహ్నం రెండు దాటితే సాయంత్రం ఐదు, ఐదున్నర దాకా చాలాచోట్ల వేడి వంట దొరకదు. రాత్రి తొమ్మిదికి పొయ్యి ఆపేస్తారు. వారానికో రోజు సెలవు, రూహెటాగ్ అని తలుపు మీద రాసి ఉంటుంది, తరచు సోమవారమే. లోపల ఖాళీ బల్ల కనపడితే కూర్చోవచ్చు గానీ, ష్టామ్‌టిష్ అని పలక పెట్టిన బల్ల ఊళ్లో రోజూ వచ్చేవాళ్లది. అక్కడ కూర్చోకండి.

"వాసర్" అని మాత్రం అంటే గ్యాస్ నీళ్ల సీసా తెస్తారు, దానికి డబ్బు. మామూలు నీళ్లకి "ష్టిలెస్ వాసర్" అనాలి. శాకాహారులు ఒక్క "వెజెటారిష్" అని ఊరుకోకుండా "ఓనె ష్పెక్" అని కూడా చెప్పాలి. ఓనె అంటే లేకుండా, ష్పెక్ అంటే ఉప్పు, పొగ పట్టించిన పందిమాంసం. వేయించిన బంగాళాదుంపల్లో, పప్పు సూప్‌లో, చిక్కుళ్లలో చిన్న ముక్కలుగా వేస్తారు, మెనూలో దాని పేరు లేకపోయినా ఉండొచ్చు. గుడ్డు తిననివాళ్లు అలెర్జీ పదార్థాల జాబితా అడగండి, 14 రకాలకు వివరం ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. అందులో "ఐయర్" అంటే గుడ్లు. మెనూలో అక్షరాల గుర్తులు ఒక్కో హోటల్‌కి ఒక్కోలా ఉంటాయి, కింద వివరం చూసుకోవాలి.

మీరడిగే దాకా బిల్లు రాదు, "ట్సాలెన్, బిట్టె" అనాలి. 27 యూరోల 40 సెంట్లయితే టిప్పు కలిపి 30 అని నోటితో చెప్పి ఇస్తారు. ఐదు నుంచి పది శాతం వాడుక. ఇక్కడ మళ్లీ ఆ డాంకె. 50 నోటు చేతికిస్తూ "డాంకె" అంటే చిల్లర ఉంచుకోమన్నట్టు అనుకోవచ్చు. ముందు అంకె చెప్పండి, ఆ తర్వాత నోటివ్వండి. పల్లెల్లో కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, జేబులో నగదు ఉండాలి.

గుడ్డు తినేవాళ్లకి ష్వాబియా ప్రాంతపు కేజెష్పెట్స్‌లె మంచి భోజనం, ఉడికించిన పిండిముద్దల్లో చీజ్ కరిగించిన వంట అది. స్టుట్‌గార్ట్, ట్యూబింగెన్, ఉల్మ్ వైపు ఏ పాత హోటల్లోనైనా దొరుకుతుంది. నలుగురికి 400 గ్రాముల మైదా, 4 గుడ్లు, ఇంచుమించు 200 మిల్లీలీటర్ల నీళ్లు, చెంచా ఉప్పు. అక్కడ దీనికోసం కాస్త బరకపిండి విడిగా అమ్ముతారు, ఇక్కడైతే పావు వంతు సన్న రవ్వ కలపండి. చెక్కగరిటెతో బుడగలొచ్చేదాకా కొట్టాలి. గరిటె ఎత్తితే పిండి సాగుతూ నెమ్మదిగా జారాలి. పలచనైతే నీళ్లలో కరిగిపోతుంది, గట్టిదైతే ముద్దలు రబ్బరులా ఉంటాయి. వాళ్లు పలక మీంచి కత్తితో గీస్తారు, లేదా చిల్లుల పలక వాడతారు. మనకి బూందీ గరిటె చాలు. మరుగుతున్న ఉప్పునీళ్ల మీద గరిటె పెట్టి పిండి నెట్టండి. గరిటె నీళ్లకి మరీ దగ్గరగా పెడితే ఆవిరికి పిండి చిల్లుల్లోనే ఉడికి మూసుకుపోతుంది. ముద్దలు పైకి తేలిన నిమిషంలో తీసి, వేడి గిన్నెలో ఒక వరుస ముద్దలు, ఒక వరుస తురిమిన చీజ్ వేస్తూ పోవాలి. మొత్తం 250 గ్రాముల చీజ్ పడుతుంది. ముద్దలు చల్లారితే చీజ్ కరగక ఉండలు కడుతుంది, అందుకే నీళ్లు వార్చి పక్కన పెట్టకూడదు. పైన వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. ఆదివారపు విశ్రాంతికి వాళ్ల రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. పెద్ద స్టేషన్లలో కొట్లు, పొద్దున్న కొన్ని గంటలు బేకరీలు తెరుస్తారు. ఈస్టర్‌కి శుక్రవారం, ఆదివారం, సోమవారం మూడూ మూతే, మధ్యలో శనివారం ఒక్కటే దొరుకుతుంది. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. దోసెల పప్పు శనివారం పగలే రుబ్బుకోండి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసా మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నలిపితే లేబుల్ చదవలేక సీసాలు తీసుకునే మిషన్ తిప్పికొడుతుంది, నలపకుండా సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లండి.

చివరగా బవేరియా రాష్ట్రపు బీర్‌గార్టెన్, అంటే చెట్ల కింద బల్లలు వేసిన బీరుతోట సంగతి. బీరు తాగనివాళ్లు కూడా తప్పక వెళ్లాల్సిన చోటు. పూర్వం బీరు వేసవిలో పాడవకుండా నేలమాళిగల్లో దాచేవాళ్లు. పైన నేల చల్లగా ఉండాలని చెస్ట్‌నట్ చెట్లు నాటారు, వాటి వేళ్లు లోతుకు దిగవు కాబట్టి నేలమాళిగ కప్పును పగలగొట్టవు. ఆ నీడలోనే జనం కూర్చోవడం మొదలుపెట్టారు. 1812లో రాజు మాక్సిమిలియన్ అక్కడ బీరు అమ్ముకోనిచ్చాడు గానీ, రొట్టె తప్ప వేరే తిండి అమ్మొద్దన్నాడు. జనం ఇంటినుంచి తెచ్చుకున్నారు. ఆ అలవాటు ఇప్పటికీ నిలిచి ఉంది, తాగేది మాత్రం అక్కడే కొనాలి. గుడ్డ పరిచిన బల్లల దగ్గర బయటి తిండి కుదరదు, ఉత్త చెక్కబల్లల దగ్గర కూర్చోండి. మ్యూనిక్ హిర్ష్‌గార్టెన్‌లో సుమారు 8,000 మంది కూర్చోవచ్చు. ఆపిల్ రసంలో గ్యాస్ నీళ్లు కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె తీసుకుని, డబ్బా తెరిచి పులిహోర నిశ్చింతగా తినొచ్చు.

బల్లలు పొడుగ్గా ఉంటాయి, కొత్తవాళ్ల పక్కన కూర్చోవాల్సిందే. "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" అని, ఇక్కడ ఖాళీయేనా అని అడిగి కూర్చోండి. పక్కవాళ్లు డబ్బా వైపు చూస్తే కొంచెం పెట్టమంటారా అని ఒక్కసారి అడగండి. "డాంకె" అంటే మూత పెట్టేయండి. "యా, గెర్నె" అంటే ఎండుమిరపకాయలు ఏరేసి వడ్డించండి.