కాల్షియం వేసుకుంటున్నా సీటీఎక్స్ ఎందుకు పెరిగింది?

యాంకర్: లైన్లో ఉన్నారు, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: తెనాలి నుంచండీ. నమస్కారం డాక్టర్ గారూ. నాకు 57 ఏళ్లు. ముట్లు ఆగి ఎనిమిదేళ్లయింది. స్కాన్‌లో ఎముకలు పల్చబడ్డాయన్నారు. మూడు నెలల నుంచి కాల్షియం, విటమిన్ డి వేసుకుంటున్నా, ఒక్క పూట మానలేదు. అయినా సీటీఎక్స్ అనే రక్తపరీక్షలో అంకె అప్పటికంటే పెరిగింది. మాత్రలే ఎముకల్ని తినేస్తున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: మాత్రలు తినవు లెండి. రెండుసార్లూ రక్తం ఎన్నింటికి ఇచ్చారు?

కాలర్: మొదటిసారి ఇడ్లీ తిని వెళ్లా, పదకొండు దాటింది. మొన్న మాత్రం ఇంటికే వచ్చి, ఏడింటికి పరగడుపున తీసుకెళ్లారు.

డాక్టర్: అదీ సంగతి! ఈ అంకె తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, ఏమైనా తింటే తగ్గుతుంది. ఆ రెండు రిపోర్టుల్నీ పోల్చడానికి లేదమ్మా.

కాలర్: అంటే అది రక్తంలో కాల్షియం ఎంతుందో చెప్పేది కాదా?

డాక్టర్: కాదు. ఎముకంటే ఉత్త కాల్షియమే అనుకుంటాం, అక్కడే వస్తుంది చిక్కు. సన్నటి కోడి ఎముకను వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టి చూడండి, రబ్బరులా వంగుతుంది. గట్టి ఖనిజం కరిగిపోయి, మాంసకృత్తుల పోగులు మిగులుతాయి. అవే కొల్లాజెన్. ఎముకలో ఖనిజం కాని భాగంలో దాదాపు 90 శాతం ఇదే. పాయా చల్లారాక జెల్లీలా గడ్డకడుతుందే, అదీ కొల్లాజెన్ మహిమే.

మన ఒంట్లో ఆస్టియోక్లాస్ట్ అనే కణం ఆ వెనిగర్ పని చేస్తుంది. ఎముక మీద అంచులు గట్టిగా అతికించుకుని, కింద ఆమ్లం వదులుతుంది. పులుపును కొలిచే పీహెచ్ 4.5 దాకా దిగుతుంది, అది ఎంత దిగితే అంత పులుపు. ఖనిజం కరిగిపోతుంది గానీ పోగులు కరగవు, వాటికి కత్తెర కావాలి. కేథెప్సిన్ కె అనే ఎంజైమే ఆ కత్తెర. ఆ పులుపులోనే అది బాగా కత్తిరిస్తుంది. తెగిన ముక్కల్ని కణం మింగి, వెనకవైపు నుంచి బయటికి తోసేస్తుంది. అవి రక్తంలో కలుస్తాయి. కొల్లాజెన్ పోగు చివర నుంచి తెగి వచ్చిన అలాంటి ముక్కే సీటీఎక్స్.

యాంకర్: అయితే ఆ కత్తెరనే ఆపేస్తే సరిపోదా డాక్టర్ గారూ?

డాక్టర్: ఆ ప్రయత్నమూ జరిగింది. ఒడానకాటిబ్ అనే మందుతో ఎముకలు విరగడం తగ్గింది కూడా. కానీ పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలి, 2016లో కంపెనీ దాన్ని ఆపేసింది. నాకైతే అయ్యో అనిపించింది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయని వాళ్లు అరుదుగా ఉంటారు, పిక్నోడైసోస్టోసిస్ అంటారు. ఎక్స్‌రేలో వాళ్ల ఎముక చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. అయినా చిన్న దెబ్బకే విరుగుతుంది.

కాలర్: మరి నన్నేం చేయమంటారు?

డాక్టర్: ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, ఎముకను కరిగించే ఈ ఆస్టియోక్లాస్ట్ కణాలకు పట్టపగ్గాలుండవు. కాల్షియం ఎముకకు సరుకే గానీ వాటిని పెద్దగా ఆపలేదు. ఆపడానికి వారానికోసారి వేసుకునే మాత్రలు, ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి. అవి మీకు అవసరమా అన్నది స్కాన్, ఇదివరకు ఎముక ఏదైనా విరిగిందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూసి మీ డాక్టరే చెప్పాలి. కాల్షియం మాత్రం సొంతంగా మానకండి. సీటీఎక్స్ మళ్లీ చేయిస్తే అదే ల్యాబ్, అదే వేళ, పరగడుపున. జుట్టుకని బయోటిన్ వేసుకుంటుంటే ముందే చెప్పండి, కొన్ని మెషీన్లలో లెక్క తప్పుతుంది.

కాలర్: పరగడుపునంటే కాఫీ కూడా వద్దాండీ?

డాక్టర్: వద్దమ్మా, మంచినీళ్లే.

కాలర్: (నవ్వు) ఏడింటికి వస్తే సరే. ఎనిమిదైతే నా వల్ల కాదండీ.