ఆరుద్ర నక్షత్రం పేలుతుందా? స్టూడియోలో పేలిన మాటలు

యాంకర్: 2019 చివర్లో ఆరుద్ర, అదే ఇంగ్లీషులో బెటెల్‌గ్యూజ్ అనే ఎర్ర నక్షత్రం, మసకబారింది, అప్పట్నుంచీ ఇదిగో పేలుతోంది అదిగో పేలుతోంది అని వీడియోలే వీడియోలు. ఇవాళ అందరికీ సమానంగా టైం ఇస్తాం. ప్రొఫెసర్ గారూ, ఆరుద్రలో పుట్టినవాళ్ళకి ఇబ్బందేమైనా...

ప్రొఫెసర్: అది నా సబ్జెక్ట్ కాదండి. నక్షత్రం పైపొర నుంచి పెద్ద ముద్ద ఎగిరి, చల్లారి, ధూళిగా మారి మనకి అడ్డొచ్చింది, అంతే. 2020 ఫిబ్రవరికల్లా...

యూట్యూబర్: ఆగండి సార్. 2023లో రీసెర్చ్ పేపరొచ్చింది, లోపల ఇంధనంగా మండే కార్బన్ అయిపోవస్తోంది, కొన్ని దశాబ్దాల్లో పేలొచ్చని! జనానికి ఎందుకు చెప్పరు?

ప్రొఫెసర్: ఆ లెక్క నిలవాలంటే దాదాపు 2,100 రోజులకోసారి వెలుగులో వచ్చే మార్పు నక్షత్రం ఉబ్బి తగ్గడం వల్లే అవ్వాలి, అప్పుడు దాని సైజు కొలిచినదానికంటే బాగా పెద్దదవ్వాలి, అక్కడే కుదరట్లేదు. పైగా పక్కన ఓ తోడు నక్షత్రం ఉన్నట్టు 2025లో...

యూట్యూబర్: పేపర్ ఉందా లేదా? ఉంది! ఈటా కరీనా అనే ఇంకో పెద్ద నక్షత్రం 1843లో పేలలేదా?

ప్రొఫెసర్: పేలలేదు బాబూ, లోపలి పదార్థాన్ని కొంత బయటికి కక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

యాంకర్: కక్కడం అంటే అశుభమేనా? మీరు చెప్పండి, రోజూ చూస్తారుగా.

ఆకాశ పరిశీలకుడు: పద్నాలుగేళ్ళుగా చూస్తున్నానండి. డాబా ఎక్కి రోహిణిని చూస్తా, ఆరుద్రని చూస్తా, ఏది ఎంత వెలుగుందో నోట్‌బుక్‌లో రాస్తా. ఎర్ర చుక్కని అలాగే గుడ్లప్పగించి చూస్తే లేని వెలుగు కనపడుతుంది, అందుకే చటుక్కున చూసి చూపు తిప్పేయాలి. ఆ ఫిబ్రవరిలో గొల్లకావడి, అదే వరసగా ఉండే మూడు చుక్కలు, వాటి పైన ఆరుద్ర కాక రెండో భుజం చుక్క ఉంది చూశారూ, దానికి సమానమైపోయింది, నాకైతే కడుపులో దేవినట్టయింది. ఆరుద్ర వెలుగు పెరిగి తగ్గే ఇంకో చక్రం సుమారు 400 రోజులు, ఒక సీజన్ చూసి ఏం...

యూట్యూబర్: అంటే మీక్కూడా భయమేసింది! రాసుకోండి!

యాంకర్: ఆరుద్ర కార్తె వానల మీద ఎఫెక్ట్ ఉంటుందా?

పరిశీలకుడు: కార్తె అంటే సూర్యుడు అటువైపు ఉండటమేనండి, అందుకే జూన్‌లో ఆ చుక్కే కనపడదు. నా నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు అవే.

ప్రొఫెసర్: అది 500 కాంతి సంవత్సరాల పైన దూరంలో ఉంది, పేలినా మనకి...

యూట్యూబర్: అయితే ఈపాటికే పేలిపోయి ఉండొచ్చుగా! వెలుగు దార్లో ఉండొచ్చుగా!

యాంకర్: అబ్బ, పాయింట్! టైం అయిపోతోంది, ఆఖరి నిమిషం మీదే, చెప్పండి.

ప్రొఫెసర్: పేలడానికి ఇంకా లక్ష ఏళ్ళు పట్టొచ్చనే లెక్క నేనింకా మొదలే పెట్టలేదండీ...

(బ్రేక్)