ఫోన్ ఖాళీ చేసే ముందు రెండో కాపీ వెతకండి

(గ్రంథాలయ వారోత్సవాల్లో, ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఫోన్లు చేతిలోనే ఉంచుకోండి, ఇవాళ వాటితోనే పని.

నేను ఇలాంటి శాఖా గ్రంథాలయాల్లోనే 28 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఫోన్ గురించి లైబ్రేరియన్ ఏం చెబుతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకీ ఆలోచన వచ్చింది పోయిన నవంబరులో.

మా వీధిలో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. బాబాయిగారూ అని పిలుస్తాను. నవంబరు అంటే కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్‌కి ముఖం చూపించి ఇచ్చేయవచ్చు. దానికి జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్, రెండూ ఉండాలి. ఆయన ఫోన్లో ఒక్కటి కూడా ఎక్కడం లేదు. స్టోరేజ్ ఫుల్. మనిషి బాగా టెన్షన్ పడుతున్నారు. ఫోన్ నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, ఉన్నదంతా కొట్టేసెయ్. నాకేం అక్కర్లేదు" అన్నారు.

కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎందుకో చెబుతాను.

లైబ్రరీలో బీరువాలు నిండిపోతాయి. చిరిగినవి, చెదపట్టినవి తీసేయాల్సిందే. కానీ పుస్తకం పాడైపోయింది కదా అని అలాగే బయట పడేయం. ముందు యాక్సెషన్ రిజిస్టర్, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసే పుస్తకం, తీసి ఆ నంబరు చూస్తాం. దీనికి ఇంకో కాపీ ఉందా? ఉంటే ఎక్కడుంది? అదైనా చదవడానికి పనికొచ్చేలా ఉందా? ఇదంతా తేలాకే రద్దు జాబితాలో రాస్తాం. ఉన్నది ఆ ఒక్క కాపీయే అయితే, అట్టలు ఊడినా సరే, బైండింగ్‌కి పంపించి మళ్లీ బీరువాలో పెడతాం.

లైబ్రరీలో ఇంత జాగ్రత్తగా ఉండే నేనే ఫోన్ దగ్గర ఆ పని చేయలేదు. నేను పనిచేసిన ఒక లైబ్రరీలో మొదటి యాక్సెషన్ రిజిస్టర్ ఉండేది. అంతా సిరా కలంతో రాసింది. ఏ పుస్తకం ఎవరిచ్చారో, ఏ రోజు వచ్చిందో పక్కనే ఉండేది. అందులో నలభై పేజీలు ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాను. తర్వాత వానాకాలంలో గది కురిసి ఆ రిజిస్టర్ నానిపోయింది, అక్షరాలు అలికినట్టయిపోయాయి. ఫొటోలున్నాయిలే అనుకున్నాను. ఫోన్ నిండినప్పుడు, అన్నీ క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో మన పేరున ఉండే చోటికి వెళ్లాయి కదా అని ఫోన్లోవి డిలీట్ చేశాను. ఫోన్లో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతాయని అప్పటికి నాకు తెలియదు. తీసేసినవి కొన్నాళ్లు ట్రాష్ అనే చెత్తబుట్టలో ఉంటాయి, తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది. ఆ నలభై పేజీలు ఇప్పుడు ఎక్కడా లేవు.

అందుకే ఈ సంగతి నిదానంగా చెబుతాను. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో మీద నొక్కి చెత్తబుట్ట గుర్తు కొడితే, అది ఫోన్లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన, అంటే క్లౌడ్‌లో కాపీ పడిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత ఇక రాదు. క్లౌడ్‌లో ఉంచుకుని ఫోన్లో మాత్రమే తీసేయాలంటే వేరే దారి ఉంది. పైన కుడివైపు మీ బొమ్మ మీద నొక్కితే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది. అది భద్రంగా క్లౌడ్‌కి చేరినవాటిని మాత్రమే ఫోన్లోంచి తీస్తుంది, చేరనివాటి జోలికి పోదు. అమెరికా నుంచి పిల్లలు పంపిన ఐఫోన్లు వాడేవాళ్లు కూడా వినండి. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే మీకూ అంతే. ఫోన్లో తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. మీరు వాడాల్సింది "ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్". అది అసలు ఫొటోని క్లౌడ్‌లో ఉంచి, ఫోన్లో చిన్న కాపీ పెడుతుంది.

ఇంకో మెలిక ఉంది. గూగుల్ ఫొటోస్ మామూలుగా కెమెరాతో తీసిన ఫొటోల్నే బ్యాకప్ చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవి వేరే ఫోల్డర్లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌ని మీరుగా సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే తప్ప అవి క్లౌడ్‌కి వెళ్లవు. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు మీ అమ్మాయి వాట్సాప్‌లో పంపించిందనుకోండి, మీ దగ్గరున్నది ఆ ఒక్క కాపీయే.

సరే, క్లౌడ్ కూడా నిండుతుంది. 2021 జూన్ 1 దాకా గూగుల్ ఫొటోస్‌లో కాస్త తగ్గించిన నాణ్యతతో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోనిచ్చేవారు. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఫొటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌నీ ఈ లెక్కలోనే కలిపారు. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, జీమెయిల్‌కి ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. బాబాయిగారి ఫోన్లో జరిగింది ఇదే. బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయింది, ఆయనకు తెలియదు.

ఇక వాట్సాప్. చాలామంది ఫోన్లలో అసలు బరువు ఇక్కడే ఉంటుంది. అందరూ తెరవండి. పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. కనబడిందా? పైన "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని ఒకటి, "లార్జర్ దాన్ 5 ఎంబీ" అని ఒకటి ఉంటాయి. వాటి కింద, ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో పెద్దవాటి నుంచి వరుసగా చూపిస్తుంది. చేతులు మారి మారి వచ్చినవి తీసేయడానికి సందేహించక్కర్లేదు. వాటికి రెండో కాపీ ఊరంతా ఉంటుంది.

బాబాయిగారి వాట్సాప్ 21 జీబీ ఉంది. అందులో కాలనీ గ్రూపుదే 9 జీబీ. శుభోదయం బొమ్మలు, పండగ వీడియోలు, ప్రవచనాల క్లిప్పులు. ఇది ఆయనొక్కరి ఇబ్బంది కాదు. మన దేశంలో ఈ గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్లు నిండిపోతున్నాయని గూగుల్‌వాళ్లు కూడా గమనించారు. 2017 డిసెంబరులో "ఫైల్స్ గో" అనే యాప్ తెచ్చి, అలాంటి బొమ్మల్ని ఏరి చూపించే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు దాని పేరు "ఫైల్స్ బై గూగుల్". ఒకే ఫైలు రెండుసార్లు ఉంటే అది పట్టి చూపిస్తుంది. బాగా పనికొస్తుంది.

బాబాయిగారి వాట్సాప్ జాబితాలో కిందికి దిగుతుంటే పిన్నిగారి పేరు వచ్చింది. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. బాబాయిగారు ఆ చాట్ మళ్లీ తెరవనేలేదట. ఫొటోలు కొన్ని, వాయిస్ మెసేజ్‌లు కొన్ని. "బాబాయిగారూ, ఇవి వింటారా?" అన్నాను. మాట్లాడలేదు, తలూపారు. ఒకటి నొక్కాను. "ఏమండీ, వచ్చేటప్పుడు కరివేపాకు తెండి, నిన్నటిది వాడిపోయింది." ఆరు సెకన్లు. ఆయన ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నారు.

ఆరు సెకన్ల మాట 20 కేబీ కూడా ఉండదు. ఒక్క శుభోదయం బొమ్మ పట్టే చోట్లో అలాంటివి ఐదారు పడతాయి. ఉన్నదంతా కొట్టేస్తే ముందు పోయేది ఆ గొంతే. క్లౌడ్ బ్యాకప్ ఆగిపోయింది కాబట్టి దానికి రెండో కాపీ ఎక్కడా లేదు. ఆ రోజు మేం చేసిన మొదటి పని, ఆ వాయిస్ మెసేజ్‌లన్నీ టైప్-సీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. తర్వాత వాళ్లబ్బాయికి మెయిల్‌లో పంపించాం. ఆ తర్వాతే కాలనీ గ్రూపు మీద, మిగతా గ్రూపుల మీద పడ్డాం. పావుగంటలో 11 జీబీ ఖాళీ అయింది. రెండు యాప్‌లూ ఎక్కాయి, లైఫ్ సర్టిఫికెట్ సాయంత్రానికి అయిపోయింది.

మళ్లీ నిండకుండా ఉండాలంటే, ఆ స్టోరేజ్ అండ్ డేటా పేజీలోనే కింద ఆటో డౌన్‌లోడ్ ఉంటుంది. అక్కడ వీడియోల దగ్గర టిక్ తీసేయండి. కావాల్సింది మీరే నొక్కి చూసుకోవచ్చు.

ఇంకో రెండు జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ యాప్ స్టోరేజ్ తెరిచినా "క్లియర్ క్యాష్", "క్లియర్ డేటా" అని పక్కపక్కనే ఉంటాయి. క్యాష్ అంటే యాప్ తన వాడకానికి తాత్కాలికంగా దాచుకునేది. అది తీసేస్తే ఏం కాదు, యాప్ మళ్లీ తయారుచేసుకుంటుంది. డేటా తీసేస్తే మాత్రం యాప్ కొత్తగా వేసుకున్నట్టే. వాట్సాప్‌లో అలా చేస్తే మెసేజ్‌లన్నీ పోతాయి. కళ్లజోడు పెట్టుకుని చదివాకే నొక్కండి.

రెండోది, ఫోన్ నిండా చెత్త ఉందని బెదిరించే ప్రకటనలు నమ్మి క్లీనర్ యాప్‌లు వేసుకోకండి. ఇప్పటిదాకా చెప్పినవాటికి వాటి అవసరమే లేదు.

వీడియోలు తీసేవాళ్లకొక మాట. ఫుల్ హెచ్‌డీలో నిమిషం వీడియో చాలా ఫోన్లలో 100 ఎంబీ దాటుతుంది. ఫోర్‌కే పెడితే దానికి రెండు మూడు రెట్లు. ఇంట్లో చూసుకునేవాటికి ఫుల్ హెచ్‌డీ చాలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ ఫొటోలు తీసి ఫోన్లో నాలుగేసి కాపీలు పెట్టుకుంటాం. డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో అవి ఎప్పుడు కావాలన్నా వస్తాయి. అవి తీసేయండి, రెండో కాపీ ప్రభుత్వం దగ్గరే ఉంది.

ఆ మూల టేబుల్ మీద ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ కేబుళ్లు రెండు, పెన్‌డ్రైవ్‌లు మూడు పెట్టాను. పక్కన నోటు పుస్తకం ఉంది. తీసేయకూడనివి ఏవో ముందు అందులో రాసుకోండి. ఎవరి ఫొటోలు, ఎవరి గొంతు, ఏ ఊళ్లోవి, ఏ సంవత్సరానివి. అవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక డిలీట్ మొదలుపెడదాం. నేను సాయంత్రం లైబ్రరీ మూసేదాకా ఇక్కడే ఉంటాను. అమ్మా, ముందు వరుసలో మీరు ఇందాకటి నుంచి ఫోన్ చూపిస్తున్నారు, మీతోనే మొదలుపెడదాం, రండి.