పరాభవ నామ సంవత్సరంలో పాస్‌పోర్ట్ గురించి

(లక్సెంబర్గ్‌లో తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కమిటీ వారికి, పొద్దుటి నుంచి వంటగదిలో నిలబడి బొబ్బట్లు చేసిన అక్కలకు, సరిహద్దు అవతలి ట్రియర్ నుంచి, మెట్జ్ నుంచి, సార్‌బ్రుకెన్ నుంచి పిల్లల్ని కార్లలో వేసుకుని వచ్చిన వాళ్ళకు, అందరికీ ఉగాది శుభాకాంక్షలు. నాకిచ్చిన టాపిక్ ‘ఉగాది విశిష్టత’. ఇచ్చిన టైం పది నిమిషాలు. పంచాంగ శ్రవణం ఇప్పుడే విన్నారు కాబట్టి విశిష్టత అయిపోయినట్టే. మిగిలిన టైం నాకు వదిలేయండి.

ఈ ఏడాది పేరు పరాభవ. పంతులుగారు ఆ మాట చదవగానే నాకొక రైల్వే ప్లాట్‌ఫాం గుర్తొచ్చింది. ముందు ఒక పని చేయండి. ఇవాళ వేరే దేశం నుంచి ఈ హాలుకి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. సగం హాలు! సరే, దించకండి. పాస్‌పోర్ట్ జేబులో ఉన్నవాళ్ళే ఎత్తి ఉంచండి. నలుగురు. మిగతావాళ్ళ కోసమే ఈ ప్రసంగం.

ఒక్కటుంటే యూరప్‌లో చాలా దేశాలు తిరగొచ్చు, దాన్ని షెంగెన్ వీసా అని అందరం అంటాం. షెంగెన్ అనే ఊరు ఇక్కడికి కారులో అరగంట దూరం. ద్రాక్షతోటల మధ్య మోసెల్ నది ఒడ్డున చిన్న పల్లె. జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ మూడూ అక్కడే కలుస్తాయి. 1985 జూన్ 14న అక్కడ ఒక పడవ మీద అయిదు దేశాల వాళ్ళు తమ మధ్య సరిహద్దు తనిఖీలు మెల్లగా ఎత్తేద్దామనే ఒప్పందానికి సంతకాలు పెట్టారు. పడవ పేరు ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్. ప్రధానులు రాలేదు, అధ్యక్షులు రాలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకు ముందు ఏడాది కస్టమ్స్ దగ్గర గంటలు గంటలు ఆగి విసిగిపోయిన లారీ డ్రైవర్లు రోడ్లు కట్టేశారు. అక్కణ్ణుంచి కదిలింది ఈ ఆలోచన. మొదట్లో ఏర్పాటు ఏమిటో తెలుసా? కారు అద్దానికి ఎనిమిది సెంటీమీటర్ల ఆకుపచ్చ బిళ్ళ అంటించుకుంటే చాలు, పోలీసు ఆపడు. నెమ్మదిగా వెళ్తుంటే చూసి వదిలేస్తాడు. ఆ బిళ్ళ నాకు భలే నచ్చుతుంది. పదేళ్ళ తర్వాత, 1995 మార్చి 26న, అసలు తనిఖీలే ఎత్తేశారు. ఇప్పుడు 29 దేశాలు. రొమేనియా, బల్గేరియాల రోడ్డు సరిహద్దులు కూడా 2025 జనవరి 1న తెరిచారు.

2017 వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. షెంగెన్ తీసుకెళ్ళాను. అక్కడ మ్యూజియంలో అద్దాల వెనక రకరకాల దేశాల సరిహద్దు ఉద్యోగుల టోపీలు పెట్టారు. “ఇవెవరివిరా?” అంది. “బోర్డర్ కాపలా వాళ్ళవమ్మా. వాళ్ళకి పని లేక టోపీలు ఇక్కడ పెట్టారు” అన్నాను, నేనేదో ఆ పని స్వయంగా చేసినట్టు. ఇక్కడ దేశం మారిందని తెలిసేది ఫోన్‌లో ‘వెల్‌కమ్’ మెసేజ్ వస్తేనే అని కూడా గొప్పలు చెప్పాను.

రెండు రోజుల తర్వాత రైల్లో వెళ్తున్నాం. ఏ దేశమో చెప్పను, మీలో సగం మంది రేపు పొద్దున్న ఆఫీసుకి అక్కడికే వెళ్ళాలి. మెసేజ్ వచ్చింది. అమ్మకు చూపించాను. పులిహోర డబ్బా మూత తీస్తోంది. ఇద్దరు పోలీసులు పెట్టె ఎక్కారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్ళను దాటారు. సైకిళ్ళ వాళ్ళను దాటారు. నిద్రపోతున్న ముసలాయన్ను దాటారు. మా సీటు దగ్గర ఆగారు.

అమ్మ వాళ్ళ తలల వైపు చూసి, “ఒరే, మ్యూజియంలో టోపీయే కదరా ఇది?” అంది.

అమ్మ పాస్‌పోర్ట్ బొడ్డు సంచిలో భద్రంగా ఉంది. పదేళ్ళుగా ఇక్కడున్న నాది ఇంట్లో సొరుగులో ఉంది. రెసిడెన్స్ కార్డు చూపించాను. చాలదన్నారు. దిగమన్నారు. అమ్మను దిగమనలేదు, కానీ ఆవిడ కూర్చుంటుందా? డబ్బా మూత పెట్టుకుని నా వెనకే దిగింది. రైలు వెళ్ళిపోయింది. రెండు గంటల నలభై నిమిషాలు ఆ బెంచీ మీద. నా టెన్షన్ నాది. అమ్మ మాత్రం ఒక్కసారే మాట్లాడింది. “బోర్డర్ లేదని నాకు టోపీ పెట్టావన్నమాట.” మా ఆవిడ ఇంటి నుంచి పాస్‌పోర్ట్ ఫోటో పంపింది, కంప్యూటర్‌లో చూసుకున్నారు, సారీ చెప్పి వదిలేశారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. మనబోటి వాళ్ళు వేరే షెంగెన్ దేశానికి వెళ్ళాలంటే కార్డుతో పాటు పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. స్టూడెంట్లు ఈ ఒక్క ముక్క రాసుకోండి, మిగతాది మర్చిపోయినా పర్వాలేదు. కానీ నా ప్రశ్న అది కాదు. మమ్మల్ని అడిగారు, నా దగ్గర లేదని తేలింది. మిగతా పెట్టెలో ఎవరినీ అడగలేదు. వాళ్ళలో ఎంతమంది సొరుగులో మర్చిపోయి వచ్చారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

చట్టం ఏమంటుందో చెప్తాను. షెంగెన్ సరిహద్దుల కోడ్, 22వ నిబంధన. లోపలి సరిహద్దును ఎక్కడైనా దాటవచ్చు, ఏ దేశస్థులైనా సరే, తనిఖీ ఉండదు. ‘ఏ దేశస్థులైనా’ అన్న మాట అందులోనే ఉంది. అది మన కోసం రాసిన మాట. తర్వాత మినహాయింపులు వచ్చాయి. 2015 సెప్టెంబర్ 13న శరణార్థుల రాకతో జర్మనీ ఆస్ట్రియా వైపు తనిఖీలు పెట్టింది. నవంబర్‌లో ఫ్రాన్స్ పెట్టింది. తాత్కాలికం అన్నారు. మా అబ్బాయి అప్పుడు ఒకటో క్లాసు, ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ అన్ని వైపులా పెట్టింది. మన లక్సెంబర్గ్‌కి రోజూ రెండు లక్షల మందికి పైగా పక్క దేశాల నుంచి పనికొస్తారు. సాయంత్రం వాళ్ళు తిరిగి వెళ్ళే దారిలో మోటార్‌వే మీద క్యూ ఎలా ఉంటుందో ట్రియర్ వాళ్ళను అడగండి.

ఇంకో సంగతి. స్లొవేనియా నుంచి ఆస్ట్రియా వెళ్తూ ఒకాయన పాస్‌పోర్ట్ చూపించనన్నాడు. 36 యూరోల జరిమానా వేశారు. ఆ 36 యూరోల కోసం యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్ళింది కేసు. 2022 ఏప్రిల్ 26న కోర్టు, అదే కారణం చూపించి ఆరు నెలలు దాటి తనిఖీలు పెట్టకూడదు, కొత్త ప్రమాదం ఏదైనా ఉంటేనే పొడిగించాలి అంది. మీరు మాత్రం అలా చేయకండి బాబూ! ఆయన యూరోపియన్ పౌరుడు, మనకి వీసా రెన్యువల్ ఉంటుంది. తర్వాత 2024లో చట్టాన్నే మార్చి గడువును రెండేళ్ళకి, ప్రత్యేక కారణాలుంటే ఇంకో ఏడాదికి పెంచారు.

ఇది యూరప్ వాళ్ళ జబ్బు అనుకోకండి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌కి హైదరాబాద్ హాస్టళ్ళు మూసేస్తే మా మేనల్లుడు ఇంటికి బయల్దేరి, తెలంగాణ-ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా రోడ్డు మీదున్నాడు. ఒకే దేశం, ఒకే భాష. ఆ వసంతంలోనే జర్మనీలో కాన్‌స్టాంజ్‌కీ స్విట్జర్లాండ్‌లో క్రొయిజ్‌లింగెన్‌కీ మధ్య కంచె వేశారు, ప్రేమికులు ఆ కంచెకి చెరోవైపు కూర్చుని మాట్లాడుకున్నారు. సరే, ఎక్కడికో పోతున్నాను. కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు.

అమ్మానాన్నల్ని పిలిపించుకునే వాళ్ళకు ఒక మాట. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. ఇది వరకు స్టాంపులు చూసి లెక్కపెట్టేవాళ్ళు. 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్ర, ఫోటో తీసి కంప్యూటర్‌లో లెక్కపెట్టడం దశలవారీగా మొదలైంది. వచ్చిన రోజూ వెళ్ళే రోజూ కూడా లెక్కలోకే. టికెట్ కొనేముందే లెక్క చూసుకోండి.

ఇప్పుడు నా దగ్గర ఈ దేశం పాస్‌పోర్టే ఉంది. ఇండియా పాస్‌పోర్ట్ వదులుకుని, వేరే దేశం పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నాను. అయినా గత ఏడాది మూడుసార్లు అడిగారు. పక్కన కూర్చున్న మా ఆఫీసతన్ని ఒక్కసారీ అడగలేదు. ఇది చెప్తే మన వాళ్ళే, ‘మీకలా అనిపిస్తుందండీ’ అంటారు. అనిపించడం కాదని చూపించాలంటే రాసి ఉండాలి.

అందుకే వెనక బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. తేదీ, టైం, రైలా బస్సా, పెట్టెలో ఎంతమంది ఉన్నారు, ఎంతమందిని అడిగారు, అంతే. పేర్లొద్దు. వంద ఎంట్రీలు వస్తే పార్లమెంటు సభ్యులకి ఇద్దామని నా ఆశ. కోపంగా రాయకండి, అంకెలు రాయండి. మొదటి పేజీలో మా అమ్మది రాశాను. ఇవాళ రాత్రి ఇంటికెళ్తూ మీకేమైనా జరిగితే మెసేజ్ పెట్టండి, నేనే ఎక్కిస్తాను. పెన్ను మన బ్యాంకుల్లోలా దారంతో కట్టాను, తెంపుకుపోకండి.