పడే అక్షరాలతో మాటలు కట్టడం: పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లో తెలుగు ఆట

[దృశ్యం: టీవీ తెర. నీలం నేపథ్యంలో పసుపు రంగు ‘వ’ మెల్లగా దిగుతోంది. అడుగున ‘కా’, ‘లు’ పక్కపక్కన ఉన్నాయి.]

ఈ ‘వ’ ఎక్కడ దిగాలో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ‘లు’ పక్కన దిగితే ‘కాలువ’. మాట పూర్తికాగానే ఐదు పలకలూ మాయమవుతాయి, వాటి మీద ఏమైనా ఉంటే కిందికి జారుతుంది. మూడక్షరాల మాటకు ఐదు పలకలు ఎలా అయ్యాయన్నదే ఈ వీడియోలో అసలు విషయం.

నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. మీ ముందున్నది 48 కిలోబైట్ల జ్ఞాపకమున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన ఇంటి కంప్యూటర్ ఇది. దీని తర్వాతి రూపాన్ని 1980లలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని మన దేశంలో అమ్మింది. తెరకు ఇంట్లోని టీవీ, ఆటలు ఎక్కించడానికి టేప్ రికార్డర్ చాలు.

[దృశ్యం: టేప్ రికార్డర్ తిరుగుతోంది. తెర అంచున రంగుల చారలు.]

అంచున ఎరుపు, లేత నీలం చారలు వస్తే టేపు శబ్దం యంత్రానికి అందినట్టు. నీలం, పసుపు సన్న చారలు వస్తే సమాచారం లోపలికి వెళ్తున్నట్టు. జ్ఞాపకం నిండా పట్టే ఆటైతే ఐదు నిమిషాల దాకా ఆగాలి. మే నెలలో కడప ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో మాత్రం దీన్ని ముట్టుకోను. లోపలి వోల్టేజి రెగ్యులేటర్ మామూలు రోజుల్లోనే బాగా వేడెక్కుతుంది.

పై నుంచి పలకలు పడే ఆటలకు మూలం టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ ఎలెక్ట్రానికా 60 అనే కంప్యూటర్ మీద తయారుచేశారు. ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు, కుండలీకరణాలనే పలకలుగా చూపించారు. పలకల బదులు ఇంగ్లీషు అక్షరాలు పడే వర్డ్‌ట్రిస్ 1991లో వచ్చింది. అదే పద్ధతిని తెలుగుకు తెద్దామంటే మొదటి అడుగులోనే చిక్కు. ఇంగ్లీషుకు 26 పలకలు చాలు. తెలుగులో ఒక్క ‘క’ గుణింతానికే పదికి పైగా రూపాలు. అన్నింటినీ విడివిడి పలకలుగా దించితే కావలసిన ‘లు’ ఎప్పటికి వస్తుంది? ఆట అదృష్టానికి వదిలేసినట్టవుతుంది.

అందుకే నేను రాసిన ఈ ఆటలో హల్లు వేరుగా, గుణింతపు గుర్తు వేరుగా పడతాయి.

[దృశ్యం: అడుగున ‘చ’, ‘ర’, ‘వ’. పై నుంచి ఎత్వం వచ్చి ‘చ’ మీద పడగానే అది ‘చె’ అవుతుంది. తర్వాత ఒక కొమ్ము ‘ర’ మీద, ఇంకొకటి ‘వ’ మీద పడతాయి. ‘చెరువు’ మెరిసి మాయమవుతుంది.]

బడిలో గుణింతం నేర్చుకున్న ఎవరికైనా ఇది వెంటనే పట్టుబడుతుంది. ఒత్తు మాత్రం ముందుగా అడుగున కూర్చుంటుంది, దాని మీద పడిన హల్లు ద్విత్వమవుతుంది. ‘సద్దలు’ కావాలంటే ‘స’ పక్కన ఒత్తు, దాని మీద ‘ద’, ఆ పక్కన ‘ల’, చివరికి ‘ల’ మీద కొమ్ము. సున్న తన గడిలో తాను నిలబడుతుంది, ‘పండు’కు మూడు గడులు కావాలి. మాటకు కనీసం మూడు గడులుండాలి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి రెండు వైపులా చదువుకోవచ్చు.

[దృశ్యం: గళ్ల కాగితం మీద 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తులో గీసిన ‘క’.]

ఇప్పుడు యంత్రం లోపలికి వెళ్దాం. స్పెక్ట్రమ్ తన అక్షరాలను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తులో గీస్తుంది. అంత చోటులో గుడిదీర్ఘం, కొమ్ము స్పష్టంగా కనిపించవు. అందుకే ఒక్కో పలకకు అలాంటి నాలుగు గళ్లు తీసుకున్నాను. ఎనిమిది చుక్కలకు ఒక బైటు, అంటే పలకకు 32 బైట్లు. స్పెక్ట్రమ్‌కు ఆదేశాలు రాసే భాష బేసిక్. అందులో మామూలుగా ముద్రించడానికి 22 వరసలే దొరుకుతాయి కాబట్టి పలకలు పడే బావి లోతు 11 పలకలు. వెడల్పు 7 చాలు. మిగిలిన చోట మార్కులు, తర్వాత పడబోయే పలక కనిపిస్తాయి.

ఆటలో 27 హల్లులు, 8 గుర్తులు ఉన్నాయి. ప్రతి రూపానికీ వేరే బొమ్మ గీస్తే 216 బొమ్మలు, 6,912 బైట్లు. సరిగ్గా తెర మొత్తానికి పట్టే జ్ఞాపకమంత! దీనికి విరుగుడు స్పెక్ట్రమ్ బేసిక్‌లోనే ఉంది. ‘ఓవర్ 1’ అనే ఆదేశం ఇచ్చి ముద్రిస్తే కొత్త బొమ్మ పాతదాన్ని చెరపదు, దాని మీద కలుస్తుంది. అదే బొమ్మను అక్కడే రెండోసారి ముద్రిస్తే ఆ బొమ్మ ఒక్కటే చెరిగిపోతుంది, కింది అక్షరం అలాగే మిగులుతుంది.

ఈ గుణం తెలుగు లిపికి ఎంత చక్కగా అమరిందో చూడండి. ‘క’ మీద గుడి పడింది. తలకట్టును ఇంకోసారి ముద్రిస్తే అది పోతుంది. ఆ చోట గుడి ముద్రిస్తే ‘కి’. కొమ్ముకైతే తలకట్టు తీసే పనే లేదు. ట, జ, బ, ల లాంటి వాటికి తలకట్టే లేదు. 35 బొమ్మలతో, 1,120 బైట్లతో దాదాపు గుణింతమంతా వచ్చేస్తుంది. మి, యి, పు, వు లాంటివి ఈ పద్ధతికి లొంగవు, వాటికి మాత్రం విడిగా గీయాల్సిందే. ఇంకో జాగ్రత్త: గుర్తు చుక్కలు, అక్షరం చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ చెరిగిపోతాయి. ఎక్కువ శ్రమ గళ్ల కాగితం మీద ఈ సర్దుబాటుకే పట్టింది, అది ఇష్టంగా చేసిన పని.

రంగుల గురించి ఒక్క మాట. స్పెక్ట్రమ్‌లో ప్రతి 8 చుక్కల గడిలో రెండు రంగులకే చోటు. పలక చుక్క చుక్కగా దిగితే రంగులు పక్క గడిలోకి పాకుతాయి. అందుకే ఇక్కడ పలక గడి గడిగా దిగుతుంది.

[దృశ్యం: ఆట మళ్లీ మొదలైంది. కీబోర్డు మీద వేళ్లు.]

ఆడే పద్ధతికి వద్దాం. ‘ఓ’ ఎడమకు, ‘పి’ కుడికి, స్పేస్ నొక్కితే పలక నేరుగా కిందికి. ఒక మాటకు ఎన్ని పలకలు వాడితే అన్ని మార్కులు. అందుకే క, ల, వ మూడూ వరసగా పరిచి కూర్చోకండి. కొమ్ము ముందు వచ్చి ‘ల’ మీద పడితే ‘కలువ’ అయిపోతుంది. దీర్ఘం ముందు వస్తే ‘కాలవ’ అయిపోతుంది. రెండింటికీ నాలుగే మార్కులు. ‘కా’, ‘లు’ సిద్ధం చేసుకుని, ‘వ’ను చివర దించితే ‘కాలువ’, ఐదు మార్కులు.

తెలుగు మాటల్లో చాలా వాటి చివర ఉకారం ఉంటుంది: చెరువు, పొలాలు, పిల్లాడు, మనుషులు. ఆటలో అన్ని గుర్తులకంటే కొమ్మే ఎక్కువసార్లు పడేలా పెట్టింది అందుకే. కుడి చివరి నిలువు వరసను ల, ర, డ, వ కోసం ఖాళీగా ఉంచుకోండి. ఇంకొకటి, గుర్తు ఎప్పుడూ పైనున్న అక్షరం మీదే పడుతుంది. ‘ల’ మీద ఇంకో హల్లు కూర్చుందంటే ఆ ‘ల’ ఇక మారదు. కింది అక్షరాన్ని తేల్చుకున్నాకే దాని మీద ఇంకోటి పెట్టండి.

[దృశ్యం: కాగితం మీద మాటల పట్టిక.]

‘కాలవ’ తప్పు కదా అని ఒకరిద్దరు అడిగారు. సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే కె.సి. (కర్నూలు-కడప) కాలువను మా ఇంట్లో ‘కాలవ’ అనే పిలుస్తారు. ‘సజ్జలు’తో పాటు ‘సద్దలు’ కూడా ఆట ఒప్పుకునే మాటల పట్టికలో ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశారు. 1852లో అచ్చయిన తన నిఘంటువులో జనం నోటి మాటలకూ చోటిచ్చారు. ఒకప్పుడు ఆయన బంగళా ఉన్న ఊళ్లో కూర్చుని జనం నోటి మాటను తోసేయడం నాకు సమ్మతం కాదు.

పట్టికలో అక్షరానికి ఒక్క బైటు, అంటే ఎనిమిది బిట్లు: ఐదు బిట్లు హల్లుకు, మూడు బిట్లు గుర్తుకు. ద్విత్వానికి మాత్రం ఇంకొకటి. మూడు బిట్లలో ఎనిమిది గుర్తులే పడతాయి కాబట్టి ఒత్వం, ఓత్వం వదిలేయాల్సి వచ్చింది. పైన చెప్పిన ‘పొలాలు’ కూడా అందుకే ఈ ఆటలో కట్టలేరు. గండికోట ఉన్న జిల్లావాణ్ణి, ‘కోట’ అన్న అక్షరాలు ఆటలో లేకపోవడం నాకు బాధగానే ఉంది. తర్వాతి రూపంలో ముందుగా దాని సంగతే చూస్తాను.

మాటలు వరస క్రమంలో ఉంటాయి. యంత్రం పట్టిక మధ్యలోకి వెళ్లి, ముందుందా వెనకుందా అని చూసి, ప్రతిసారీ సగం వదిలేస్తుంది. బేసిక్ ఈ పనికి నెమ్మది కనుక వెతికే భాగాన్ని యంత్రభాషలో రాశాను. 2,000 మాటలున్నా 11 పోలికల్లో తేలిపోతుంది.

మీ ఊళ్లో పంటలకు, పనిముట్లకు, వంటలకు ఉన్న మూడు నాలుగు అక్షరాల మాటలు రాసి పంపండి. జ్ఞాపకంలో ఇంకా చాలా చోటుంది. పట్టిక రెండింతలైనా యంత్రానికి పెరిగేది ఒక్క పోలికే.