మంచు మీద జవాబున్న మాట, జవాబు లేని మాట

సభకు నమస్కారం.

ఐస్ హాకీ చూసేవాళ్ళకు పెనాల్టీ బాక్స్ సంగతి తెలియనిది కాదు. చిన్న తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలు, పెద్ద తప్పు చేసినవాడు ఐదు నిమిషాలు ఆ గూటిలో కూర్చోవాలి. తన జట్టు ఒక మనిషి తక్కువై అవస్థ పడుతుంటే చేతులు కట్టుకుని చూడడం తప్ప అతను చేయగలిగింది ఏమీ ఉండదు. వీపు వెనక ఒక అద్దం, ఆ అద్దానికి అవతల జానెడు దూరంలో ఎదుటి జట్టు అభిమానులు. లేచి పోదామంటే ఆట నియమం ఒప్పుకోదు. ప్రేక్షకుల గేలి గురించి ఏం మాట్లాడినా ఈ గూటి దగ్గరే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆటగాడు ఎక్కడికీ కదలలేని స్థితిలో జనం అతనికి ఇంత దగ్గరగా ఉండే చోటు మరే ఆటలోనూ నేను చూడలేదు.

ఒకసారి నేను అలాంటి అద్దం వెనక రెండో వరుసలో కూర్చున్నాను. వచ్చిన జట్టు ఆటగాడొకడు కర్రతో ఎదుటివాణ్ణి వెనక్కి లాగినందుకు శిక్ష పడి లోపలికి వచ్చాడు. వెంటనే నా ముందు వరుసలో ఇద్దరు కుర్రాళ్ళు లేచి, ఒకడు ఊహా కర్రతో లాగుతున్నట్టు, రెండోవాడు నడుం పట్టుకుని పడిపోతున్నట్టు అభినయించి చూపించారు. మేమంతా అద్దం మీద అరచేతులతో చప్పుడు చేశాం. ఆటగాడు తల తిప్పలేదు గాని, శిరస్త్రాణం కింద అతని చెంప కదిలింది; నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసిపోయింది. కాసేపటికి అదే జట్టు నుంచి ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆ వరుసలోనే ఉన్న ఒక పెద్దమనిషి ముందుకు వంగి అతని భార్య గురించి ఒక మాట అన్నాడు. చుట్టూ నవ్వులు తెగిపోయాయి. ఒక్కరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రెండు గేలులకూ తేడా ఏమిటని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. రెండోది బూతు కాబట్టి అని మొదట అనుకున్నాను. అది సరిపోలేదు, ఎందుకంటే ఒక్క బూతు మాట లేకుండా మనిషిని చిన్నబుచ్చవచ్చు, బూతులు కలిసిన అరుపు కూడా ఆటలో ఇమిడిపోవచ్చు. చివరికి నేను చేరుకున్న కొలత ఇది: అన్నమాటకు ఆటగాడు మంచు మీద జవాబు చెప్పగలడా, లేడా? చెప్పగలిగితే ఆ గేలి ఆటలో భాగమే. అందులో ఎంత కరకుదనం ఉన్నా దాన్ని కాపాడుకోవాలని అంటాను. చెప్పలేని మాటైతే, ఎంత మెత్తగా పలికినా, దానికి ఆ భవనంలో చోటు లేదు.

అమెరికాలో నాష్‌విల్ జట్టు సొంత మైదానంలో గోల్ కొట్టగానే స్టాండ్స్ అంతా ఒక్క గొంతుతో ఎదుటి గోల్‌కీపర్ పేరు పలికి, అతన్ని తిసికట్టు అని తేల్చి, తప్పంతా నీదేనని ముగిస్తారు. వేలమంది ఏకకంఠంతో నీ తప్పు అనడం ఎవరికైనా బరువే. కానీ ఆ గోల్‌కీపర్‌కు తర్వాతి నిమిషంలోనే జవాబు చెప్పే అవకాశం ఉంది. తన మీదికి వచ్చే పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, ఆపడమే ఆ జవాబు. కెనడాలోని విన్నిపెగ్‌లో, వాషింగ్టన్ జట్టు మేటి ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్‌కిన్ కర్రకు పక్ తగిలినప్పుడల్లా జనం అతని ప్రత్యర్థి సిడ్నీ క్రాస్బీని తలచి "క్రాస్బీయే మెరుగు" అని నినదించిన రోజు ఉంది. ఒక మహా ఆటగాణ్ణి ఉడికించడానికి అంతకన్నా పొదుపైన మాట దొరకదు. అది అతని ఆటను తూచే మాట, అతను ఆటతోనే తిప్పికొట్టగల మాట.

అసలు గేలే వద్దు, ఆటగాళ్ళు పనిచేసుకుంటున్న మనుషులు, ఏ కార్యాలయంలోనైనా ఇలా అరుస్తామా అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్న నిజాయితీ గలదే గనక కొట్టిపారేయను. అయితే 2020లో మహమ్మారి కారణంగా నేషనల్ హాకీ లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ పోటీలను టొరంటోలో, ఎడ్మంటన్‌లో ప్రేక్షకులు లేకుండా జరిపినప్పుడు ఏమైందో గుర్తుచేసుకోండి. ఆట అదే, ఆటగాళ్ళు వాళ్ళే, అయినా టీవీ ప్రసారానికి ముందే రికార్డు చేసిన జనఘోషను తెచ్చి అతికించవలసి వచ్చింది. సొంత ఊళ్ళో ఆడడానికీ పరాయి ఊళ్ళో ఆడడానికీ తేడా తెలిసేది ప్రధానంగా ఆ ఘోషలోనే. పరాయి ఊళ్ళో జనం నోరు మూయించి గెలవడంలో ఉన్న రుచి ఏ ఆటగాణ్ణి అడిగినా చెబుతాడు.

చేతులు కదిలితే మాత్రం అది గేలి అనిపించుకోదు. 1979 డిసెంబరు 23న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆట ముగిశాక ఒక ప్రేక్షకుడు బోస్టన్ ఆటగాణ్ణి కొట్టి కర్ర లాక్కున్నాడు. బోస్టన్ ఆటగాళ్ళు అద్దం ఎక్కి స్టాండ్స్‌లోకి దూకారు. వాళ్ళలో మైక్ మిల్‌బరీ ఒక ప్రేక్షకుణ్ణి అతని బూటుతోనే కొట్టాడు. ముగ్గురు ఆటగాళ్ళ మీద వేటు పడింది, టెరీ ఒరైలీకి 8 ఆటలు, మిల్‌బరీకీ పీటర్ మెక్‌నాబ్‌కూ 6 చొప్పున. 2016 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా అభిమానులు తమకు కానుకగా ఇచ్చిన వెలుగు కంకణాలనే మంచు మీదికి విసిరితే, రెఫరీలు ఆట ఆలస్యం చేసినందుకు ఫిలడెల్ఫియా జట్టుకే శిక్ష వేశారు. ఆ ఆటలో వాళ్ళు 6–1 తేడాతో ఓడారు. విసిరిన చెయ్యి చివరికి ఎవరికి తగులుతుందో నియమావళి అంత స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తాను. 2018 ఫిబ్రవరి 17న షికాగోలో, వాషింగ్టన్ ఆటగాడు దెవాంతే స్మిత్-పెల్లీ కొట్లాటకు ఐదు నిమిషాల శిక్ష పడి పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నాడు. అద్దం వెనక నుంచి కొందరు "బాస్కెట్‌బాల్, బాస్కెట్‌బాల్" అని అరవడం మొదలుపెట్టారు. ఆ మాటను విడిగా చూడండి: అందులో తిట్టు లేదు, బూతు లేదు, ఉన్నది ఒక ఆట పేరు. కానీ అక్కడ కూర్చున్నవాడు నల్లజాతి వాడు. అరిచినవాళ్ళు చెప్పదలచుకున్నది, ఇది నీ చోటు కాదు, నీ ఒంటిరంగు వాళ్ళ ఆట వేరే ఉంది, అక్కడికి పో అని. స్మిత్-పెల్లీ లేచి అద్దం దగ్గరికి వెళ్ళి వాళ్ళకు ఎదురు నిలిచాడు. నలుగురిని బయటికి పంపారు, షికాగో జట్టు క్షమాపణ చెప్పింది.

ఆ ఏడాదే జూన్‌లో వాషింగ్టన్ మొట్టమొదటిసారి స్టాన్లీ కప్ గెలిచింది. ఫైనల్ చివరి ఆటలో మూడో పీరియడ్‌లో స్కోరు సమం చేసిన గోల్ స్మిత్-పెల్లీదే, అదీ కిందపడుతూ కొట్టినది. షికాగో వాళ్ళకు అదే దీటైన జవాబని సంబరంగా అనవచ్చు. నాకూ ఆ ఆశ కలిగింది గాని, నిలబెట్టుకోలేకపోయాను. నువ్వు ఆడలేవు అన్న మాటకు గోల్ జవాబవుతుంది. అతన్ని ఎవరూ ఆడలేవు అనలేదే! నువ్వు ఇక్కడివాడివి కావు అన్నారు. ఆ మాటకు ఒక గోల్ కాదు, వంద గోల్స్ కూడా జవాబు కావు, ఎందుకంటే గోల్ కొట్టి తన చోటును సంపాదించుకోవలసిన అగత్యం పక్కనున్న తెల్ల ఆటగాడికి ఎన్నడూ లేదు.

2011 సెప్టెంబరులో కెనడాలోని లండన్ నగరంలో, నల్లజాతి ఆటగాడు వేన్ సిమ్మండ్స్ షూటౌట్‌లో, అంటే సమంగా నిలిచిన ఆటను తేల్చడానికి గోల్‌కీపర్‌తో ఒంటరిగా తలపడే ఘట్టంలో, పక్ తీసుకుని వెళ్తుండగా ఎవరో అరటిపండు విసిరారు; నల్లవాళ్ళను కోతులతో పోల్చే పాత అవమానం అది. సిమ్మండ్స్ ఆగకుండా వెళ్ళి గోల్ కొట్టాడు. విసిరినవాడికి 200 డాలర్ల జరిమానా పడింది. ఈ గోల్ గురించి కూడా నేను అదే అంటాను. అది సిమ్మండ్స్ గుండెనిబ్బరానికి సాక్ష్యం, అంతే. మనిషి నిబ్బరంగా తట్టుకున్నాడు గనక అతనికి జరిగింది చిన్నదేనని మనం సరిపెట్టుకోకూడదు. 1958 జనవరి 18న బోస్టన్ తరఫున నేషనల్ హాకీ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు విలీ ఒరీ నుంచి ఇదే కథ. అతను కూడా తట్టుకున్నాడు, స్టాండ్స్‌లోని జనం ఆ ఓర్పును అనుమతిగా తీసుకున్నారు.

టికెట్ కొన్నాను, నా ఇష్టం అనే వాదనకు ఎక్కువ సమయం ఇవ్వను. అనుచితంగా ప్రవర్తించినవాణ్ణి బయటికి పంపే హక్కు నిర్వాహకులకు ఎప్పుడూ ఉంది. సమస్య ఆ హక్కు లేకపోవడం కాదు. పద్దెనిమిది వేలమంది కూర్చున్న చోట కావలివాడికి వినబడేలోపే ఆ మాట అద్దం దాటిపోతుంది. మొదట వినేది పక్క సీటువాడు. అతను పక్కకు తిరిగి "అలా అనకండి" అంటే చాలాసార్లు ఆ సంగతి అక్కడికే ముగుస్తుంది. నేను అనలేకపోయిన మాట అదే.

ఒక్క ఊరి సంగతి చెప్పి విరమిస్తాను. జానీ గోద్రో కాల్గరీ జట్టుకు ప్రాణం లాంటి ఆటగాడు. 2022 మే 15న డాలస్‌తో ఏడు ఆటల పోరులో చివరిదైన ఏడో ఆట అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టి ఊరినంతా ఉర్రూతలూగించాడు. రెండు నెలలకే కాల్గరీని విడిచి కొలంబస్ జట్టుకు వెళ్ళిపోయాడు. 2023 జనవరి 23న పరాయి జెర్సీతో తిరిగి వచ్చినప్పుడు, అతని జ్ఞాపకాల వీడియోకు జనం చప్పట్లు కొట్టారు, ఆట మొదలయ్యాక పక్ అతని కర్రకు తగిలిన ప్రతిసారీ ఈసడిస్తూ హోరెత్తించారు. మమ్మల్ని వదిలి వెళ్ళావన్న కోపం అది. వెళ్ళాలన్న నిర్ణయం అతనిది, ఆ నిర్ణయానికి విలువ కట్టే ఆట అతని కళ్ళముందే సాగుతోంది.

2024 ఆగస్టు 29న, తమ్ముడు మాథ్యూతో కలిసి సైకిల్ మీద వెళ్తుండగా కారు ఢీకొని గోద్రో మరణించాడు. అన్నదమ్ములిద్దరూ పోయారు. కాల్గరీ జనం వచ్చి తమ మైదానం బయట పూలూ, అతని జెర్సీలూ పెట్టారు. వాళ్ళలో ఆ జనవరి రాత్రి గొంతు పోయేలా అరిచినవాళ్ళు తప్పక ఉండి ఉంటారు. ఆ అరుపులో వెనక్కి తీసుకోవలసిన మాట లేదు గనక వాళ్ళు తలెత్తుకుని వచ్చి పూలు పెట్టగలిగారు. నా ముందు వరుసలో వంగి ఆటగాడి భార్యను అన్న ఆ పెద్దమనిషి అలాంటి చోటికి ఏ ముఖంతో వస్తాడా అని నేను ఆలోచిస్తూ ఉంటాను. అతని వెనక వరుసలో నోరు మెదపకుండా కూర్చున్న నేను ఏ ముఖంతో వస్తానా అని కూడా.

సెలవు.